గడప దాటిన కార్డు

పిల్లల దగ్గర నాలుగు నెలలుండి పోదామని సింగపూర్ వచ్చిన తెలుగు తల్లిదండ్రులు, మొదటిసారి దగ్గుకో నడుం నొప్పికో అక్కడి క్లినిక్‌కి వెళ్లినప్పుడు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. డాక్టరు చూడటం అయిపోతుంది. బయటికొచ్చి కూర్చుంటారు. కౌంటర్లో అమ్మాయి పేరు పిలిచి, మందు పేరూ మోతాదూ అచ్చేసిన చిన్న చిన్న ప్లాస్టిక్ కవర్లు చేతిలో పెట్టి డబ్బు తీసుకుంటుంది. "అయిపోయిందమ్మా, పద" అంటాడు కొడుకు. "అదేంట్రా, చీటీ ఏదీ?" అంటుంది తల్లి.

చీటీ ఉండదు. మందుల షాపుకి వెళ్లే పనే లేనప్పుడు చీటీ ఎందుకు? సింగపూర్‌లో ప్రైవేటు జీపీలు, అంటే కుటుంబ డాక్టర్లు, చాలావరకు మందులు తామే ఇస్తారు. చూడటానికీ మందుకీ కలిపి ఒకే బిల్లు. ఏ మందిచ్చారో, ఎందుకిచ్చారో రాసుకున్న కాగితం క్లినిక్‌లోనే ఉండిపోతుంది.

మన దగ్గర లెక్క వేరు. చీటీ, రక్త పరీక్షల కాగితాలు, ఎక్స్‌రేలు అన్నీ ఒక సంచిలో చేరి బీరువా మీదో మంచం కిందో ఉంటాయి. గుంటూరులో చూపించుకున్నవాడు హైదరాబాద్ నిమ్స్‌కి పోయినా సంచి వెంట వస్తుంది. సగం కాగితాలు మాసిపోయి ఉండొచ్చు, ముఖ్యమైనదే ఇంట్లో మరిచిపోయి ఉండొచ్చు, కానీ రోగి చరిత్ర రోగి చేతిలోనే ఉంటుంది. సింగపూర్‌లో అది డాక్టరు బీరువాలో ఉండిపోయింది. దాన్ని అక్కణ్ణుంచి కదిలించడానికి ఆ ప్రభుత్వం రెండు దశాబ్దాలుగా తంటాలు పడుతోంది. దీన్ని కంప్యూటర్ల కథగా చెబుతుంటారు. నాకు మాత్రం ఇది మొదటి నుంచీ డబ్బు కథలాగే కనిపిస్తుంది.

ముందు ఆ పాత కార్డు ఎలా ఉండేదో చూడాలి. మందపాటి అట్ట కార్డు, అరచేయి కన్నా కాస్త పెద్దది. పైన పేరు, ఐసీ (గుర్తింపు కార్డు) నంబరు, అడ్రసు. ఏదైనా మందు పడకపోతే దాని పేరు ఎర్ర సిరాతో, రెండుసార్లు గీత కొట్టి. కింద తారీఖుల వారీగా వరసలు. ముక్కు, గొంతు జలుబైతే 'యూఆర్‌టీఐ' అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. పక్కన బీపీ అంకెలు, సగం సగం రాసిన మందుల పేర్లు. వరస చివర 'ఎంసీ 2/7'. అది భిన్నం కాదు. కింద 7 ఉంటే రోజుల లెక్క, కాబట్టి రెండు రోజుల సెలవు సర్టిఫికెట్ ఇచ్చాడని అర్థం. కింద 52 ఉంటే వారాల లెక్క, 3/52 అంటే మూడు వారాలు. ఇలాంటి కార్డులు వేలకొద్దీ, కౌంటరు వెనకాల అరల్లో నంబర్ల వరసలో నిలబడి ఉండేవి. ఆ రాత చదవగలిగేది ఇద్దరే: రాసిన డాక్టరూ, ఇరవై ఏళ్లుగా మందులు కట్టి ఇస్తున్న కౌంటర్ ఆంటీ.

డాక్టరు వయసు మీదపడి క్లినిక్ అమ్మేస్తే, కొనేవాళ్లు బల్లలకీ కుర్చీలకీ మాత్రమే ధర కట్టరు. ఆ అరల్లో ఎన్ని కార్డులున్నాయో, వాటిలో ఎన్ని బతికున్నాయో చూస్తారు. కార్డు అంటే మళ్లీ వచ్చే రోగి. పక్క వీధి క్లినిక్‌తో పంచుకోమంటే ఏ వ్యాపారి ఒప్పుకుంటాడు?

డాక్టర్లని అని లాభం లేదు, ఏర్పాటే అలాంటిది. సింగపూర్‌కి వైద్య విద్య వచ్చింది బ్రిటిష్‌వాళ్ల హయాంలోనే, 1905లో అక్కడ మెడికల్ స్కూలు మొదలైంది. వీధి చివరి కుటుంబ డాక్టరు అన్న ఊహా వాళ్లదే. కానీ బ్రిటన్‌లో 1948లో జాతీయ ఆరోగ్య సేవ వచ్చాక ప్రతి మనిషీ ఒక జీపీ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, ఊరు మారితే అతని రికార్డు కొత్త జీపీ దగ్గరికి వెళ్తుంది. 1911 బీమా చట్టం తెచ్చిన లాయిడ్ జార్జ్ పేరుతోనే అక్కడ ఆ రికార్డు పెట్టే కవర్‌ని దశాబ్దాల పాటు పిలిచారు. సింగపూర్ జీపీని తీసుకుంది, పేరు నమోదుని తీసుకోలేదు. ఇంటి కింద క్లినిక్‌లో దగ్గు చూపించుకుని, తగ్గకపోతే ఆఫీసు పక్కన ఇంకో డాక్టరు దగ్గరికి, ఎంసీకి కంపెనీ ప్యానెల్ క్లినిక్‌కి, షుగర్ మందులు చవగ్గా వస్తాయని ప్రభుత్వ పాలిక్లినిక్‌కి. అడిగేవాడు లేడు. ప్రాథమిక వైద్యంలో పదింట ఎనిమిది పాళ్లు ప్రైవేటు జీపీలే చూస్తారు. ఇప్పుడు వాళ్ల క్లినిక్‌లు 1,800 దాకా ఉన్నాయి. అంటే ఒక మనిషి చరిత్ర నాలుగైదు బీరువాల్లో ముక్కలై ఉంటుంది, ఒక ముక్క సంగతి ఇంకో ముక్కకి తెలియదు.

ఈ బీరువాల్లోంచి బయటికొచ్చే కాగితాలు మూడే. ఒకటి ఎంసీ, సింగపూర్‌లో ఇంతమంది చదివే వైద్య పత్రం ఇంకొకటి లేదని నా నమ్మకం. రెండోది మెడికల్ రిపోర్టు. బీమా కంపెనీకో లాయరుకో యజమానికో కావాలని రోగి అడిగితే, ఫీజు తీసుకుని డాక్టరు రాసిచ్చేది. రికార్డు వేరు, రిపోర్టు వేరు. రికార్డు క్లినిక్‌ది, రిపోర్టు దాన్ని చూసి రాసిన వ్యాసం. 2014 జూలై నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన వ్యక్తిగత సమాచార చట్టం కింద నా వివరాలు నాకు చూపించండి అని అడిగే హక్కు వచ్చింది గానీ, అలవాటు కొద్దీ జనం ఇప్పటికీ రిపోర్టే అడుగుతారు.

మూడోది రిఫరల్ లెటర్. తన చేతిలో లేని జబ్బు అనుకున్నప్పుడు జీపీ రాసే ఉత్తరం. అంటించిన కవర్లో పెట్టి రోగి చేతికే ఇచ్చేవాడు. అందులో ఏముందో తెలియకుండానే రోగి దాన్ని ఆస్పత్రికి మోసుకెళ్లేవాడు. ఈ ఉత్తరం ఎవరు రాశారన్నదాన్ని బట్టి ఖర్చు మారిపోవడం సింగపూర్ ప్రత్యేకత. పాలిక్లినిక్ డాక్టరు రాస్తే ప్రభుత్వాస్పత్రి స్పెషలిస్టు దగ్గర సబ్సిడీ ధర. మామూలు ప్రైవేటు జీపీ రాస్తే ప్రైవేటు రోగి ధర. ఇరవై ఏళ్లుగా చూస్తున్న ఇంటి డాక్టరుని వదిలి, ఉత్తరం కోసమే పాలిక్లినిక్ క్యూలో నిలబడ్డవాళ్లు అందుకే అంతమంది. వాళ్లని అక్కడ చూసే డాక్టరుకి పాత కార్డు కనిపించదు, కాబట్టి మళ్లీ మొదటినుంచి ప్రశ్నలు. ఆస్పత్రికి వెళ్లినవాడి గురించి జీపీకి జవాబు ఉత్తరం వస్తే అదృష్టమే. ఏం తేలిందో ఆర్నెల్ల తర్వాత రోగి చెబితేనే తెలిసేది, అదీ రోగికి అర్థమైనంత వరకే.

2003 మార్చిలో సార్స్ వచ్చింది. సింగపూర్‌లో 238 మందికి సోకింది, 33 మంది పోయారు. టాన్ టోక్ సెంగ్ ఆస్పత్రి నుంచి ఇంటికెళ్లిన ఒక రోగి, కొద్దిరోజులకే కడుపులో రక్తస్రావంతో సింగపూర్ జనరల్ ఆస్పత్రిలో చేరాడు. అతనికున్న మిగతా జబ్బుల మాటున సార్స్ కనపడలేదు, రెండో ఆస్పత్రిలోనూ అది అంటుకుంది. రికార్డు కలిసి ఉంటే ఆగిపోయేదని గట్టిగా చెప్పలేం. కానీ ఆ రెండు ఆస్పత్రులూ రెండు వేర్వేరు ప్రభుత్వ సమూహాల కింద నడుస్తున్నాయి, 2000లోనే అలా విడదీశారు. 2004 ఏప్రిల్‌లో ఆ రెండు సమూహాల మధ్య డిశ్చార్జి సమ్మరీలు ఇటూ అటూ చూసుకునే వ్యవస్థ మొదలైంది, పేరు ఈఎంఆర్‌ఎక్స్. సర్కారు ఆస్పత్రులు ఒకదానితో ఒకటి మాట్లాడటం నేర్చుకున్నాయి. జీపీ ఇంకా గడప బయటే.

జీపీ కార్డుని మొదట కదిలించింది ఆరోగ్య శాఖ సర్క్యులర్ కాదు, రోగి పొదుపు ఖాతా. మెడిసేవ్ అని ప్రతి ఉద్యోగి జీతంలోంచి కోసి పెట్టే వైద్య పొదుపు 1984 నుంచి ఉంది, ఎక్కువగా ఆస్పత్రి ఖర్చుల కోసం. 2006 అక్టోబరులో దాన్ని షుగర్ వ్యాధికి జీపీ దగ్గర కూడా వాడుకోనిచ్చారు, మరుసటి జనవరిలో బీపీ, కొలెస్ట్రాల్, పక్షవాతం చేర్చారు. ఖాతాకి ఏడాదికి 300 డాలర్ల పరిమితి. చిన్న మెలిక ఒకటి పెట్టారు: ఆ డబ్బు క్లెయిమ్ చేసుకునే క్లినిక్ రోగి షుగర్ సగటు ఎంత, బీపీ ఎంత అన్న అంకెలు ప్రభుత్వానికి పంపాలి. మొదటిసారి కార్డులోని వరస ఒకటి గోడ దాటింది. అంకెలు పంపడానికి కంప్యూటరు కావాలి, కంప్యూటరు కొన్నాక అట్ట కార్డు ఎందుకు అన్న ఆలోచన మెల్లగా దానంతట అదే వచ్చింది.

2012 జనవరిలో వచ్చిన చాస్ పథకం రెండో తోపుడు. తక్కువ, మధ్యస్థ ఆదాయాల వాళ్లకని మొదలైన ఈ పథకం కార్డు చూపిస్తే ప్రైవేటు జీపీ దగ్గరే ప్రభుత్వ సబ్సిడీ. ఇందులో నాకు బాగా నచ్చిన ముక్క రిఫరల్‌ది: చాస్ కార్డున్న రోగికి ఆ జీపీ రాసిన ఉత్తరం కూడా సబ్సిడీ ధరకి చెల్లుతుంది. ఉత్తరం కోసం పాలిక్లినిక్ చుట్టూ తిరిగే పని వాళ్లకి తప్పింది.

ఈ రెంటి మధ్యలోనే అసలు పెద్ద ప్రయత్నం మొదలైంది. 'ఒక రోగి, ఒక రికార్డు' అన్న నినాదంతో 2011లో జాతీయ ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డు, ఎన్‌ఈహెచ్‌ఆర్, నడవడం మొదలుపెట్టింది. కట్టింది యాక్సెంచర్ నేతృత్వంలోని బృందం. నడిపింది ఐహెచ్‌ఐఎస్ అనే ప్రభుత్వ సంస్థ, దాని పేరు 2023లో సినాప్స్‌గా మార్చారు. ప్రభుత్వాస్పత్రులు, పాలిక్లినిక్‌లు ఇందులోకి వచ్చేశాయి. ప్రైవేటు వాళ్లని రమ్మన్నారు, బలవంతం లేదన్నారు. జీపీలు చూడటానికి వచ్చారు, ఇవ్వడానికి మాత్రం రాలేదు. ఆస్పత్రి డిశ్చార్జి సమ్మరీ తెరమీద కనిపిస్తే ఎవరికి చేదు? తమ కార్డులోంచి తీసి పెట్టాలంటేనే చెయ్యి ఆగిపోయింది.

అడిగితే వాళ్లు చెప్పే కారణాలు తోసిపారేసేవి కావు. ఒక్క డాక్టరు, ఇద్దరు సహాయకులు ఉండే చోట ఎవరు టైపు చేస్తారు? సాఫ్ట్‌వేర్ మార్చాలంటే ఖర్చు. రోగి నమ్మి చెప్పిన మాట పది వేలమంది తెరచి చూడగల చోట పెట్టొచ్చా? అన్నిటికన్నా గట్టి ప్రశ్న ఇంకొకటి: రికార్డు తెరమీద ఉండగా నేను చదవకుండా మందిచ్చి, అది పడక ఏదైనా అయితే తప్పెవరిది? చదివే హక్కు వచ్చిందంటే చదవాల్సిన పూచీ కూడా వచ్చినట్టే. గదిలో ఒక రోగికి దక్కేది కొద్ది నిమిషాలు. ఈ భయాన్ని సోమరితనం అని కొట్టేసినవాళ్లున్నారు. నేనా పక్షం కాదు.

2017 నవంబరులో అప్పటి ఆరోగ్య మంత్రి గాన్ కిమ్ యోంగ్ ఇక తప్పదన్నారు: చట్టం తెస్తాం, ప్రైవేటు క్లినిక్‌లు కూడా సమాచారం ఇవ్వాల్సిందే. ఏడాది తిరక్కుండా అనుకోనిది జరిగింది.

2018 జూలై 4న ప్రభుత్వాస్పత్రుల సమూహాల్లో ఒకటైన సింగ్‌హెల్త్ డేటాబేస్‌లో ఎవరో విడ్డూరమైన ప్రశ్నలు వేస్తున్నట్టు ఒక ఉద్యోగి కంటపడింది. తీగ లాగితే డొంకంతా కదిలింది. జూన్ 27 నుంచే దొంగలు సమాచారం తోడుకుంటున్నారు. 15 లక్షల మంది పేర్లు, ఐసీ నంబర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు పోయాయి. అందులో 1,60,000 మంది తీసుకున్న మందుల వివరాలు కూడా. ప్రధాని లీ సియన్ లూంగ్ రికార్డు కోసం వాళ్లు మళ్లీ మళ్లీ వెతికారు. తన మందుల జాబితాలో కంగారుపడాల్సిందేమీ లేదని ఆయన జనానికి చెప్పుకోవాల్సి వచ్చింది. దొంగల తొలి అడుగు 2017 ఆగస్టులోనే పడిందని, అనుమానం వచ్చినవాళ్లు పైకి చెప్పడంలో ఆలస్యం జరిగిందని విచారణ సంఘం తేల్చింది. 2019 జనవరిలో ఐహెచ్‌ఐఎస్‌కి ఏడున్నర లక్షల డాలర్లు, సింగ్‌హెల్త్‌కి రెండున్నర లక్షల డాలర్లు జరిమానా పడింది.

దోచింది ఎన్‌ఈహెచ్‌ఆర్‌ని కాదు, సింగ్‌హెల్త్ సొంత వ్యవస్థని. అయినా ఆ తేడా ఎవరు వింటారు? తప్పనిసరి అన్న మాటని ఆగస్టులోనే వాయిదా వేశారు. 2020 జనవరిలో ఆరోగ్య సేవల చట్టం వచ్చినప్పుడు అందులో ఆ నిబంధన లేదు. బీరువాకి తాళం వేసుకున్న జీపీలు 'మేం చెప్పలేదా' అన్నట్టు చూశారు.

అదే 2019 జనవరిలో ఇంకో దెబ్బ. హెచ్‌ఐవీ రిజిస్ట్రీలోని 14,200 మంది పేర్లు బయటికి పొక్కాయి. అందులో 8,800 మంది విదేశీయులు, ఉద్యోగ పాస్ కోసం వైద్య పరీక్షలు చేయించుకున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. సాయం కోరి డాక్టరు దగ్గరికి వెళ్లిన మనిషి కాదు, పరీక్ష చేయించుకుంటే గానీ పని దొరకదు కాబట్టి రక్తం ఇచ్చిన మనిషి. అతని పేరే వీధిన పడింది. పైగా చిన్న చోట ఉంటే భద్రమనీ చెప్పలేం. 2021 ఆగస్టులో ఒక ప్రైవేటు కంటి క్లినిక్‌ల సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగితే దాదాపు 73,500 మంది వివరాలు చిక్కుల్లో పడ్డాయి.

జీపీని మళ్లీ పిలిచింది కోవిడ్. 2020 ఫిబ్రవరిలో దాదాపు 900 క్లినిక్‌లని ముందు వరసలో నిలబెట్టారు. దగ్గు, జ్వరం ఉన్న పౌరులకి పది డాలర్లే ఫీజు, అయిదు రోజుల ఎంసీ. ఎవరికి స్వాబ్ తీశారో అప్పటికప్పుడు ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కించాలి. తర్వాత టీకాలు, ప్రతి డోసూ జాతీయ టీకా రిజిస్ట్రీలోకి, అక్కణ్ణుంచి రోగి ఫోన్లోకి. పదేళ్ల పాటు నచ్చజెప్పినా కానిది రెండేళ్లలో వేళ్లకి అలవాటైంది. పక్కదారీ కనిపించింది: టీకా వేయకుండానే వేసినట్టు రిజిస్ట్రీకి తప్పుడు సమాచారం పంపారన్న ఆరోపణపై 2022 జనవరిలో ఒక ప్రైవేటు డాక్టరు మీద కేసు పెట్టారు.

ఆ అలవాటు చల్లారకముందే 2023 జూలై 5న 'హెల్దియర్ ఎస్‌జీ' అనే ప్రభుత్వ పథకం మొదలైంది. ముందు అరవై దాటినవాళ్లు, తర్వాత నలభై దాటినవాళ్లు ఒక జీపీ క్లినిక్‌ని ఎంచుకుని పేరు నమోదు చేసుకోవచ్చు. బ్రిటన్ నుంచి తెచ్చుకోకుండా వదిలేసిన ముక్క ఇన్నేళ్లకి ఇంటికి చేరిందన్నమాట. చేరే క్లినిక్‌కి షరతు ఏమిటంటే, ఏడాదిలోగా ఎన్‌ఈహెచ్‌ఆర్‌తో మాట్లాడే సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలి. దానికి సాయంగా ఒకసారి ఇచ్చే పదివేల డాలర్లు, నమోదైన రోగుల్ని బట్టి ఏటా రుసుము. ఉపన్యాసాలకి తెరుచుకోని అరలు మళ్లీ చెక్కుకే తెరుచుకున్నాయి. ఇది వెటకారంగా అనడం లేదు. పనికి డబ్బిస్తే పని జరుగుతుంది, ఆ సంగతి ఒప్పుకోవడానికే ప్రభుత్వానికి ఇంతకాలం పట్టింది.

2025 నవంబరులో ఆరోగ్య సమాచార బిల్లు పార్లమెంటు ముందుకొచ్చింది. 2018లో ఆగిన 'తప్పనిసరి' మళ్లీ అందులో ఉంది. ప్రతి లైసెన్సు క్లినిక్కూ ఇవ్వాల్సినవి జబ్బు పేరు, మందులు, పడని మందులు, టీకాలు, ల్యాబ్, స్కాన్ ఫలితాలు, డిశ్చార్జి సమ్మరీ. డాక్టరు గదిలో రోగి చెప్పిన మాటలు రాసుకున్న నోట్సు మాత్రం క్లినిక్ దాటక్కర్లేదు. మనోవ్యాధులు, లైంగిక వ్యాధుల లాంటి సున్నితమైన వివరాలకి అదనపు కాపలా. ఎవరూ చూడొద్దు అనుకుంటే రోగి తన రికార్డుకి తాళం వేయించుకోవచ్చు, సమాచారం చేరడం మాత్రం ఆగదు, ప్రాణం మీదికొస్తే ఆ తాళం తీస్తారు. ఉద్యోగం ఇవ్వాలా, బీమా ఇవ్వాలా అని తేల్చడానికి ఎన్‌ఈహెచ్‌ఆర్‌ని తెరవకూడదు. ఆ అవసరాలకి పాత పద్ధతే: రోగి ఒప్పుకుని సంతకం పెడితే డాక్టరు రాసిచ్చే రిపోర్టు.

పైన చెప్పినదాంట్లో చాలా భాగం ఐసీ ఉన్నవాళ్ల కథ. తెలుగు జిల్లాల నుంచి వచ్చి నిర్మాణంలోనో ఓడల రేవులోనో పనిచేసేవాడి చేతిలో ఉండేది వర్క్ పర్మిటు, దానిమీద విదేశీయులకిచ్చే ఫిన్ నంబరు. మెడిసేవ్ లేదు, చాస్ లేదు, హెల్దియర్ ఎస్‌జీ నమోదు లేదు. 2022 ఏప్రిల్ నుంచి డార్మిటరీల్లో ఉండేవాళ్లకీ, నిర్మాణం, ఓడల రంగాల వాళ్లకీ యజమాని తప్పనిసరిగా ప్రాథమిక వైద్య పథకం కొనాలి, కాబట్టి వాళ్లకంటూ క్లినిక్‌లు ఏర్పడ్డాయి. ఇళ్లలో పనిచేసే విదేశీ ఆడవాళ్లకి ఆర్నెల్లకోసారి జీపీ దగ్గర పరీక్ష, దాని ఫలితం ఉద్యోగ శాఖకి వెళ్తుంది. శరీరం ఆమెది, రిపోర్టు వాళ్లది.

పర్మిటు అయిపోయి ఊరికి వెళ్లేవాడి బీపీ, షుగర్ అంకెలు సింగపూర్‌లోనే ఉండిపోతాయి. మన ప్రభుత్వం 2021 నుంచి దేశమంతటా ఇస్తున్న పద్నాలుగు అంకెల ఆభా ఆరోగ్య నంబరుకీ వాటికీ పొత్తు లేదు. విమానం టికెట్ చేతికొచ్చాక కాకుండా, దానికి రెండు మూడు వారాల ముందే క్లినిక్‌కి వెళ్లి మెడికల్ రిపోర్టు అడగాలి. ఫీజు ఉంటుంది, రాసివ్వడానికి కొన్ని రోజులు పడుతుంది. మందుల పేర్లతో పాటు మోతాదు, ఎప్పటినుంచి వాడుతున్నదీ, చివరిసారి చేసిన రక్త పరీక్షల ఫలితాలూ అందులో రాయమని ప్రత్యేకంగా చెప్పాలి. చెప్పకపోతే ఒక పేరాతో సరిపెట్టేవాళ్లూ ఉంటారు.